ఖతమ్‌షుద్ మీద ఏడో తరగతి

క్లాసులో ఆట అంటే మన బడుల్లో క్విజ్జే. రెడ్ హౌస్, బ్లూ హౌస్, గ్రీన్, ఎల్లో అని పిల్లల్ని నాలుగు ముక్కలు చేసి, బోర్డు మీద పాయింట్లు వేసి, గెలిచినవాళ్లకి చప్పట్లు కొట్టించేస్తే అయిపోయింది. కథల పుస్తకాన్ని కూడా అలాగే నడిపించేస్తారు. హీరో తండ్రి పేరేంటి, పడవ పేరేంటి, బస్సు డ్రైవరెవరు? ముందు చెయ్యెత్తినవాడికి పది. ఇంగ్లిష్ టీచరుగా దీనితో నాకున్న పేచీ ఒక్కటే. క్విజ్‌లో గెలిచేది అప్పటికే పుస్తకం చదివేసిన నలుగురు. మిగతావాళ్లు ఆ పీరియడంతా కూర్చుని, ఈ పుస్తకం మనకోసం కాదని గట్టిగా నేర్చుకుని లేస్తారు.

హైదరాబాద్‌లో మలక్‌పేట వైపు ఒక ప్రైవేటు బడిలో నేను ఏడు, ఎనిమిది తరగతులకి చెబుతాను. సిలబస్ పాఠాలతో పాటు ఏడాదికి ఒక పూర్తి నవల చదివించే వెసులుబాటు మాకుంది. ఏడో తరగతికి నేను పట్టుకెళ్లేది సల్మాన్ రష్దీ రాసిన 'హరూన్ అండ్ ద సీ ఆఫ్ స్టోరీస్'. 1990లో వచ్చింది, పన్నెండు అధ్యాయాలు. తన పేరు తానే మరిచిపోయేంత దిగులు పట్టిన ఊళ్లో రషీద్ ఖలీఫా అని కథలు చెప్పే ఆయన ఉంటాడు. ఎన్నికలొస్తే నాయకులు డబ్బిచ్చి మరీ సభలకి పిలుచుకుపోయేంత పేరు ఆయనకి. భార్య సొరయా పై వాటాలో ఉండే గుమాస్తాతో వెళ్లిపోతుంది. అక్కడితో రషీద్ గొంతులో కథ ఎండిపోతుంది, నోరు తెరిస్తే కాకి అరిచినట్టు శబ్దం తప్ప ఏమీ రాదు. కొడుకు హరూన్ కథలు పుట్టే సముద్రాన్ని వెతుక్కుంటూ కహానీ అనే రెండో చందమామ మీదికి వెళ్తాడు. ఆ సముద్రంలో ఖతమ్‌షుద్ అనేవాడు విషం కలుపుతుంటాడు.

ఈ రచయిత ఇంకో నవల చుట్టూ రేగిన గొడవ, ఆ నవల దిగుమతిని 1988లో మన దేశం ఆపెయ్యడం, మరుసటి ఏడాది వచ్చిన ఫత్వా పెద్దలకి తెలిసినవే. ఏడో తరగతిలో నేనవి ఎత్తుకోను. దాక్కుని బతుకుతున్న రోజుల్లో ఒక తండ్రి తన కొడుకు కోసం రాసిన కథ అని మాత్రం చెబుతాను. ఆ వయసుకి అది చాలు.

పుస్తకం మధ్యలో ఒక సైన్యం వస్తుంది. గుప్ నగరపు సైనికుల్ని పేజీలంటారు. పేజీలు కలిస్తే అధ్యాయం, అధ్యాయాలు కలిస్తే సంపుటం, పైన సేనాధిపతి జనరల్ కితాబ్. ఆయన ఏ ఆజ్ఞ ఇచ్చినా సైన్యమంతా దాని మీద వాదులాడుకుంటుంది. సిపాయిలు సేనాధిపతి మొహం మీదే మీ పథకం బాగాలేదంటారు. ఇదేం సైన్యమని హరూన్ నోరెళ్లబెడతాడు. తీరా యుద్ధం వచ్చేసరికి, ఎందుకు పోరాడుతున్నామో ప్రతివాడికీ తెలుసు కాబట్టి అంతా ఒక్క మనిషిలా నిలబడతారు. అవతల చుప్ దేశపు సైన్యం మౌనవ్రతం పట్టిన సైన్యం. ఒకడి మనసులో ఏముందో ఒకడికి తెలీదు, ఒకణ్ణొకడు నమ్మడు, తమలో తామే పొడుచుకుంటారు. ఇలాంటి నవలని పిల్లల నోళ్లు మూయించి, నాలుగు హౌసుల్ని ఒకదాని మీదికి ఒకటి ఉసిగొల్పి చెబితే పుస్తకానికే అన్యాయం.

అందుకే నా క్లాసులో పిల్లలకి పోటీ పిల్లలు కారు. పోటీ ఖతమ్‌షుద్‌తో. గెలిస్తే క్లాసంతా గెలుస్తుంది, ఓడితే క్లాసంతా ఓడుతుంది. ఈ పద్ధతి నా సొంతమేమీ కాదు. 2008లో మ్యాట్ లీకాక్ తయారుచేసిన 'పాండమిక్' అనే బోర్డు ఆటలో ఆడేవాళ్లంతా ఒకటై, ప్రపంచమంతా పాకే రోగాల మీద పోరాడతారు. మా చెల్లెలి ఇంట్లో ఆ ఆట చూసినప్పుడే రోగం బదులు ఖతమ్‌షుద్‌ని పెట్టొచ్చని తట్టింది.

అన్నిట్లోకీ బాగా నిలబడింది సిరా ఆట. టేబుల్ మీద ఒక గాజు సీసా, దాన్నిండా మంచినీళ్లు. అది కథల సముద్రం. సీసా వెనకాల ఆనించి మా నవల. పక్కన నీలం సిరా బుడ్డి, ఫిల్లరు. నేను జనరల్ కితాబ్‌ని, ఒక ఆజ్ఞ ఇస్తాను. ఐదుగురేసి జట్లుగా కూర్చున్న పిల్లలు దాన్ని ఒప్పుకోవచ్చు, కాదనొచ్చు. ఏదన్నా పుస్తకంలో పేజీ చూపించి అనాలి. పేజీ నంబరు లేకుండా మాట జారితే సముద్రంలో ఒక చుక్క సిరా. ఒక జట్టు చెప్పింది వినకుండా ఇంకో జట్టు అదే మాట మళ్లీ చెబితే ఇంకో చుక్క. బెల్లు కొట్టేలోపు అందరూ ఒక్క మాట మీదికి రావాలి. ఈలోగా నీళ్లు మసకబారి, వెనకున్న పుస్తకం అట్ట మీది అక్షరాలు కనబడకుండా పోతే సముద్రం చచ్చిపోయినట్టే.

గోల ఉంటుంది, దాచను. పక్క క్లాసు లెక్కల సారు ఒకసారి కిటికీలోంచి తొంగి చూసి, "మేడమ్, లోపల మీరున్నారా?" అని కనుక్కుని వెళ్లారు.

ఒక ఆజ్ఞ సంగతి చెబుతాను. సూర్యుడు నడినెత్తికొచ్చే వేళ చూసి చుప్ నగరం మీద పడాలన్నాను. వినడానికి బుద్ధిగానే ఉంటుంది. మూడో వరస జట్టు లేచి చుప్‌లో సూర్యుడే ఉండడని పేజీ చూపించింది. నిజమే. గుప్ మేధావులు చందమామ తిరుగుడుని తమ అదుపులోకి తెచ్చుకుని, వెలుగంతా తమవైపే ఉంచుకున్నారు. చుప్‌కి ఎప్పుడూ రాత్రే. అంతవరకూ నేను ఎదురుచూసిందే. అప్పుడు కిటికీ పక్కన కూర్చునే, పెద్దగా నోరు విప్పని ఒక పిల్ల, "అయితే చీకటి చేసింది మనమే కదా మిస్, వాళ్ల మీద యుద్ధమెందుకు?" అంది. పేజీ చెప్పలేదు. రూలు రూలే, చుక్క వేశాను. వెంటనే ఆ జట్టులో నలుగురూ పేజీలు తిరగేసి వాక్యం పట్టుకుని బల్ల గుద్దారు. ఎదురు జట్టు ఊరుకుంటుందా? చీకటి పోవడం ఖతమ్‌షుద్‌కి ఇష్టం లేదు, చీకట్లోనే వాడికి బలం అని ఇంకో పేజీ తీసింది. ఇటునుంచి ఒక పేజీ, అటునుంచి ఒక పేజీ. అట్ట మీద పెద్దక్షరాలు ఇంకా కనబడుతున్నాయి, చిన్నవి పోయాయి. చివరికి వాళ్లు తేల్చింది ఇది: విషం ఆపడానికి వెళ్లాలి, దానితో పాటు చందమామను మళ్లీ తిప్పాలి.

హరూన్ సరిగ్గా అదే కోరుకుంటాడు, పదో అధ్యాయంలో. అప్పటికి వాళ్లు అంతదాకా చదవలేదు. ఆ వారం పదో అధ్యాయం చదవండర్రా అని నేను ఎవర్నీ బతిమాలాల్సి రాలేదు.

జట్టు ఆటలకి పాత జబ్బులు రెండున్నాయి. ఒకటి, తెలివైన ఒక్కడే మిగతా నలుగురి పనీ చేసెయ్యడం. రెండోది గుంపులో గోవిందా. రెండింటికీ మందు ఒకటే, ఏ ఒక్కడి చేతికీ కథంతా ఇవ్వకపోవడం. అమెరికాలో ఇలియట్ ఆరన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1971లో టెక్సస్ రాష్ట్రం ఆస్టిన్ బడుల్లో ఈ పని చేశాడు. తెల్ల, నల్ల, మెక్సికన్ అమెరికన్ పిల్లలు కొత్తగా ఒకే క్లాసులో కూర్చుంటున్న రోజులవి. పోటీ చదువు వాళ్ల మధ్య గొడవల్ని ఇంకా పెంచుతోందని గమనించి, పాఠాన్ని ముక్కలు చేసి తలా ఒకటి పంచాడు. పక్కవాడి ముక్క వినకపోతే పాఠం పూర్తికాదు.

నేను అధ్యాయాన్ని ఐదు చీటీలు చేస్తాను. చీటీ పైకి చదవాలి, పక్కవాడికి చూపించకూడదు. హరూన్ మనసు పదకొండు నిమిషాలకి మించి ఏ పని మీదా ఎందుకు నిలబడదు అన్న ప్రశ్నకి జవాబు ఏ ఒక్క చీటీలోనూ ఉండదు. తల్లి పదకొండింటికి వెళ్లిపోయిందని ఒకడి దగ్గరుంటుంది, గడియారాలు పగిలాయని ఒకడి దగ్గరుంటుంది. ఇంగ్లిష్ పేరా చూస్తేనే చెమటలు పట్టే పిల్లవాడికి మూడు వాక్యాల చీటీ ముందురోజే ఇచ్చి, ఇంటి దగ్గర పైకి చదువుకుని రమ్మంటాను. మర్నాడు ఆ మూడు వాక్యాల కోసం జట్టులో ఫస్టు ర్యాంకువాడు కూడా వాడి మొహం చూస్తూ కూర్చోవలసిందే. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలకి ఈ నవల దగ్గర ఇంకో పై చెయ్యి. కితాబ్, బాత్‌చీత్, ఖతమ్‌షుద్ అనే పేర్లు చూసి వాళ్లే ముందు నవ్వుతారు. పుస్తకం చివర రచయితే పేర్ల అర్థాలిచ్చాడు, కానీ మా క్లాసులో ఆ పేజీ తిప్పేవాడే ఉండడు, పక్క బెంచీనే అడుగుతారు.

ఎనిమిదో అధ్యాయంలో ముద్రా అనే చుప్ వీరుడొస్తాడు. మాట లేదు, చేతులతోనే మాట్లాడతాడు. రచయిత ఆ భాషకి అభినయమనే పేరు పెట్టాడు. కాబట్టి ఆ వారం ఆట మాటల్లేని ఆట. జట్టులో ఒకరు చీటీలోని సంఘటనని చేతులతో చెప్పాలి, మిగతా నలుగురూ పేజీ వెతికి పట్టుకోవాలి. కూచిపూడి నేర్చుకునే ఒక అమ్మాయికి సొరయా వెళ్లిపోయిన ఘట్టం వచ్చింది. చక్కగా కర్తరీముఖం పట్టింది. అభినయదర్పణం ఆ హస్తానికి చెప్పే వినియోగాల్లో మొదటిదే స్త్రీ పురుషుల ఎడబాటు, పిల్ల తప్పేమీ పట్టలేదు. కానీ జట్టువాళ్లకి కనిపించింది కత్తెర. "కటింగ్! కనెక్షన్ కట్!" అని మూడో అధ్యాయం తీశారు. రషీద్‌కి కథాజలం చందా ఆపెయ్యడానికి నీటి జిన్ను ఇఫ్ రాత్రిపూట స్నానాలగదిలోకి పనిముట్టు పట్టుకుని వచ్చే చోటది. అమ్మాయి తల అడ్డంగా ఊపుతోంది, వీళ్లు పేజీ చూపిస్తున్నారు. కాసేపటికి ఒక కుర్రాడు, సొరయా వెళ్లిపోవడం వల్లే కదా రషీద్ చందా మానుకున్నాడు, రెండూ ఒకటే కత్తెర అన్నాడు. నవల మొదటి సగాన్ని ఇంత పొట్టిగా చెప్పిన గైడు నేను చూడలేదు. పాయింటు ఇవ్వడానికి పాయింట్లే లేవు కనుక ముందుకి సాగాం.

ఆఖరి వారం బుర్రకథ. ముగ్గురే కాబట్టి ఇది సిసలైన జట్టు ఆట అని నా అభిప్రాయం. నడిమి కథకుడు తంబురాతో కథ నడుపుతాడు, ఒక వంత హాస్యం, ఇంకో వంత రాజకీయం. వంతలు అడ్డుతగలకపోతే కథకుడు ముందుకి పోలేడు. ఎన్నికల సభల్లో కథలు చెప్పే రషీద్ ఖలీఫా గురించి చెప్పేటప్పుడు షేక్ నాజర్ గారి ప్రస్తావన తెస్తాను. ప్రజానాట్యమండలి వేదికల మీద బుర్రకథని ఊరూరా మోగించిన మనిషి, 1986లో పద్మశ్రీ అందుకున్నారు. పిల్లలకి పాత రికార్డింగు వినిపించి, తలా ఒక అధ్యాయం ఇచ్చేస్తాను. తంబురా బదులు బ్యాడ్మింటన్ రాకెట్టు, గుమ్మెటల బదులు టిఫిన్ డబ్బాలు. కథ ఇంగ్లిష్‌లో, వంతల అల్లరి తెలుగులోనో హిందీలోనో. ఒకసారి సముద్రంలో విషం కలిపే ఘట్టం నడుస్తుంటే రాజకీయం వంత కథకుణ్ణి ఆపి, "ఆగవోయ్, మరి మూసారాంబాగ్ బ్రిడ్జి కింద మూసీలో కలిపే ఖతమ్‌షుద్ ఎవడు?" అని అడిగింది. కథకుడికి జవాబు దొరకలేదు. హాస్యం వంత ముక్కు మూసుకుని తందాన అంది. ఆ బ్రిడ్జి మీదుగా రోజూ బడికొచ్చేవాళ్లు క్లాసులో చాలామందే.

పేరెంట్స్ మీటింగులో ప్రతి ఏడాదీ ఒకరైనా అడుగుతారు. "మేడమ్, మావాడు సిరా, సీసా అంటూ తిరుగుతున్నాడు, పోర్షన్ అవుతోందాండీ?" అవుతోందండీ. కాకపోతే నెమ్మదిగా అవుతుంది. క్విజ్‌తో ఒక పీరియడ్‌లో తేలిపోయే అధ్యాయానికి నాకు మూడు పడతాయి. పరీక్షలో మా పిల్లల జవాబులు ఒకదానిలా ఇంకోటి ఉండవు, దిద్దడానికీ ఎక్కువ సేపు పడుతుంది. ఖతమ్‌షుద్ ఓడిపోవడానికి కారణాలు రాయమంటే ఒకరు వెలుగంటారు, ఒకరు గుప్ వాళ్ల వాగుడంటారు, ఒకరు చుప్ వాళ్ల అనుమానమంటారు. ఆన్సర్ కీలో ఒక్కటే ఉంటుంది. నేను అన్నిటికీ మార్కులు వేస్తాను, వాళ్లు వాక్యం చూపించారు కాబట్టి.

ఈ ఆటలు ఎత్తుకుపోయి వాడుకోదలచిన తోటి టీచర్లకి ఒక్క మనవి. సీసా, సిరా, చీటీలు మీ ఇష్టం, నవల కూడా మీ ఇష్టం. ఆట తయారుచేశాక, పుస్తకం తెరవకుండా దీన్ని గెలవొచ్చా అని ఒకసారి చూసుకోండి. గెలవొచ్చని తేలితే ఆ ఆటని పీఈటీ సారుకిచ్చేసి, ఇంకోటి తయారుచేసుకోండి.