పగడాలకు ఎంత వెలుగు కావాలి?

పగడం అనగానే మన ఇళ్ళలో ఉంగరంలో పొదిగిన ఎర్రని మూంగా గుర్తుకు వస్తుంది. ఖుర్ఆన్‌లోని రహ్మాన్ సూరాలో ముత్యాలతోపాటు ప్రస్తావనకు వచ్చే ‘మర్జాన్’ను అనువాదకులు ఎక్కువగా పగడమనే అన్నారు, చిన్న ముత్యాలని చెప్పిన వ్యాఖ్యాతలూ ఉన్నారు. ఆభరణాలకు వాడే ఎర్ర పగడం మధ్యధరా సముద్రంలో, వెలుగు అంతగా చొరబడని రాతిగుహల వంటి చోట్ల పెరుగుతుంది. ఇళ్ళలో గాజుతొట్టెలలో పెంచే పగడాలు వేరు. వాటిలో అధిక భాగం వెలుతురు మీద ఆధారపడి జీవించేవి.

ఇంటర్ చదువుతున్న మా అబ్బాయి సముద్రపు తొట్టె పెట్టాలని పట్టుబట్టినప్పుడు మా అమ్మ అడిగిన మొదటి ప్రశ్న, “ఇంతకూ అది చెట్టా, రాయా, పురుగా?” అని. వాడు నవ్వాడు గాని, మూడింటిలోనూ కొంత నిజముంది. పగడం ఒక జంతువు. దాని మాంసంలో కంటికి కనబడని నాచు కాపురముంటుంది; వెలుతురును ఆహారంగా మార్చి తన ఆతిథేయికి పంచుతుంది. గట్టి పగడాలు ఆ బలంతోనే సున్నపురాతి గూడు కట్టుకుంటాయి. నీరు వేడెక్కితే ఆ నాచు వెలికిపోయి పగడం తెల్లబోతుంది. 1998లో లక్షద్వీప్, మన్నార్ సింధుశాఖ, అండమాన్ ప్రాంతాలలో పగడపు దిబ్బలు అలాగే తెల్లబారాయి. ఒక్కటి రెండు డిగ్రీల వేడి సముద్రానికే అంత పని చేస్తే, హైదరాబాదు మే నెలలో మన హాల్లోని వంద లీటర్ల నీరు ఎంత?

ప్రాణిని ఇంట్లో పెంచడం ధర్మసమ్మతమేనా అన్న సంశయం అమ్మకు ఉండేది. బాలుడైన అబూ ఉమైర్ పెంచుకున్న చిన్న పిట్టను గురించి దైవప్రవక్త (స) ఆప్యాయంగా పలకరించిన హదీసు నుండి పండితులు అనుమతిని గ్రహించారు. పిల్లిని కట్టివేసి, తిండి పెట్టక చంపిన స్త్రీని గురించిన హదీసు కూడా మన గ్రంథాలలోనే ఉంది. ఈ రెంటినీ కలిపి చదివితే మా ఇంటికి షరతు స్పష్టమైంది: పోషించగలిగినదే తెచ్చుకోవాలి.

రెండవ షరతు చట్టానిది. దీనిని చాలామంది ఎరుగరు, ఎరిగినవారు చెప్పరు. గట్టి పగడాలన్నీ, నల్ల పగడాలు, నిప్పు పగడాలు, ఆర్గాన్ పైప్ పగడం, సముద్రపు విసనకర్రలు 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేరాయి. పులి ఉన్న షెడ్యూలు అదే. షోకేసులో అలంకరణగా పెట్టుకునే ఎండిన పగడపు కొమ్మకూ ఇదే వర్తిస్తుంది. అయినా మేము వెళ్ళిన దుకాణంలో ఊదారంగు కొమ్మల పగడం ఒకటి మెరుస్తూ కనబడింది. కాగితాలడిగితే దుకాణదారు, “ఇంట్లో పెట్టుకుంటే ఎవరు చూస్తారు సార్?” అన్నాడు. “చూసేవాడు ఉన్నాడు భాయ్” అని బయటికి వచ్చేశాము. దారిపొడుగునా అబ్బాయి మాట్లాడలేదు. వాడు ఏడాదిగా కలలు కన్నది సరిగ్గా ఆ కొమ్మల పగడాన్నే. నాకూ బాధ కలిగింది. కాని సందేహపు వస్తువును ఇంటి నడుమ దీపం పెట్టి చూపుకోవడం నాకు సమ్మతం కాలేదు.

అందుకే ఆ పట్టికలో లేని మెత్తని రకాల వైపు మళ్ళాము. అవి కూడా సముద్రం నుండి పెకలించినవి కాక, మరొకరి తొట్టెలో పెరిగి కోసిన ముక్కలైతేనే తీసుకున్నాము. తొలిసారి పెంచేవారికి ఇవే మేలు కూడా. పుట్టగొడుగు పగడం అన్నిటికన్నా ఓర్పు గలది; తొట్టె అడుగున మందమైన వెలుగు చాలు. తోలు పగడం చూడడానికి పుట్టగొడుగంత హుందాగా ఉంటుంది గాని, అప్పుడప్పుడు రోజుల తరబడి ముడుచుకుని పైన మైనపు పొర వంటిది విడుస్తుంది. చచ్చిపోయిందనుకుని పారవేసేవారున్నారు, అది పాత చొక్కా మార్చుకోవడం మాత్రమే. జీనియా చేతివేళ్ళు ముడిచి విప్పినట్లు నిరంతరం కదులుతుంది. మా అమ్మ దానిని చూస్తూ తస్బీహ్ చదువుకుంటుంది. కాని కలుపుమొక్కలా పాకుతుంది, కనుక విడిగా ఒక రాతి మీద ఉంచాలి.

జోయాంథస్ రంగులు మనోహరం. పిల్లలున్న ఇళ్ళవారు మాత్రం ఒక మాట వినాలి: ఈ జాతిలో కొన్నిటిలో పాలీటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. చేతికి తొడుగు, కంటికి అద్దాలు లేకుండా వాటిని కోయరాదు. అవి అంటుకున్న రాతిని మరిగించనే రాదు, ఆవిరి పీల్చినవారు ఆసుపత్రుల పాలయ్యారు. మా చిన్నమ్మాయి ఎదిగేదాకా అవి వద్దనుకున్నాము.

ఇక దీపం. నీరు ఎరుపును ముందుగా మింగేస్తుంది, నీలం లోతుకు దిగుతుంది. అందుకే పగడాల నాచు నీలి వెలుగుకు అలవాటుపడింది. 420 నుండి 480 నానోమీటర్ల మధ్య బలంగా వెలిగే ఎల్‌ఈడీ కావాలి. గదిలో వాడే తెల్లని బల్బు ఎంత కాంతిమంతమైనా ఆ పని చేయదు. వెలుగును ‘పార్’ అనే కొలతతో లెక్కిస్తారు. పుట్టగొడుగు పగడానికి 50 ప్రాంతం సరిపోతుంది; తోలు పగడానికి 100 నుండి 150. కొమ్మల గట్టి పగడాలు 250కి పైగా అడుగుతాయి. అంటే మనం వద్దనుకున్న పగడం, దీపం ఖర్చును కూడా రెట్టింపు చేసేదే! దుకాణాలలో అతి శక్తిమంతమైన దీపాన్ని అంటగట్టడం మామూలు. మెత్తని పగడాలకు అది వృథా వ్యయం మాత్రమే కాదు, హాని కూడా. ఎక్కువ వెలుగు తగిలితే అవి ముడుచుకుని రంగు వెలిసిపోతాయి. మేము మూడో వంతు కాంతితో ఆరంభించి నాలుగు వారాలలో మెల్లగా పెంచాము. రోజుకు తొమ్మిది గంటలు చాలు. మధ్యాహ్నం పన్నెండుకు వెలిగేలా టైమర్ పెట్టాము. అస్ర్ తర్వాత ఇంటిల్లిపాదీ చూడవచ్చు, ఇషా అయ్యాక చీకటి.

పగడం రావడానికి ముందు తొట్టె ఆరు వారాలు ఖాళీగా నడిచింది. అమ్మోనియా, నైట్రైట్ సున్నాకు వచ్చేదాకా అబ్బాయి రోజూ పరీక్షించి నోటుపుస్తకంలో రాశాడు. ఉప్పు సాంద్రత 1.025, వేడి 25–27 డిగ్రీలు. ఆవిరైన నీటికి బదులు మంచి ఆర్వో నీరే పోయాలి. ఉప్పు ఆవిరి కాదు గనుక ఉప్పునీరు పోస్తే సాంద్రత పెరుగుతుంది. వేసవికి నీటిమీదికి వీచే చిన్న ఫ్యాన్లు, గదిలో ఏసీ. కరెంటు పోయినప్పుడు బ్యాటరీతో నడిచే గాలిపంపు తప్పనిసరి. దీపం నాలుగు గంటలు లేకపోయినా పగడం ఓర్చుకుంటుంది, కదలని నీటిని ఓర్చుకోదు.

ఇప్పుడు ఎనిమిదో నెల. పుట్టగొడుగు పగడం రెండు పిల్లలు పెట్టింది. ఒకటి ఫుప్పూ ఇంటికి ఇస్తానని అబ్బాయి మాట ఇచ్చేశాడు. ముందు వాళ్ళ తొట్టె నీళ్ళు పరీక్షించి రమ్మన్నాను. ఆదివారం కిట్టు పట్టుకుని వెళ్తున్నాడు.