నోరు తెరవని తల్లి

సికింద్రాబాద్ మోండా మార్కెట్ దగ్గర ఒక సందులో ఉన్న రంగుచేపల దుకాణానికి వెళ్లాను. ముందువరుస తొట్లలో గోల్డ్‌ఫిష్‌లు, వాస్తు పేరు చెప్పి అమ్మే ఆరోవానాలు. నేను చూడాలనుకున్నది వెనక గదిలో ఉంది. పసుపుపచ్చ ‘యెల్లో ల్యాబ్’, పెట్ట. గొంతు కింద తిత్తిలా ఉబ్బింది. దవడ నెమ్మదిగా నములుతున్నట్టు కదులుతోంది. తినడం కాదది. నోట్లోని గుడ్లన్నిటికీ నీరు తగిలేలా దొర్లిస్తోంది. దుకాణదారు నాలుగు మేత గింజలు వేశాడు. మూతి దాకా వచ్చినా ముట్టలేదు, పక్కకు తిరిగింది.

“అద్దం మీద కొట్టకన్నా, బెదిరితే ఉమ్మేస్తది” అన్నాడు.

ఇది ఆఫ్రికాలోని మలావీ సరస్సు చేప. గుడ్డు పెట్టగానే వెనక్కి తిరిగి నోట్లో వేసుకుంటుంది. మరి ఫలదీకరణ ఎలా? అక్కడే ఉంది తమాషా. ఈ కుటుంబంలోని చాలా మగచేపలకు పొట్టకింద వెనక రెక్క మీద అచ్చం గుడ్లలాంటి మచ్చలుంటాయి. పెట్ట వాటిని అందుకోబోతుంది, మగది వదిలిన వీర్యం దాని నోట్లోకి చేరుతుంది. ఆపైన మూడు నాలుగు వారాలు దాదాపు పస్తే. బయటికొచ్చేవి గుడ్లు కావు, ఈదే పిల్లలు.

చాలా ఆరోవానాల్లో ఈ పస్తులు తండ్రివి. మన సముద్రపు జెల్లల్లోనూ మగదే గుడ్లు మోస్తుంది. వాస్తు కోసం ఆరోవానా కొనేవాళ్లకి ఈ సంగతి ఎవరూ చెప్పరనుకుంటా.

చేపల మార్కెట్లో అమ్మే తిలాపియాదీ యెల్లో ల్యాబ్ పద్ధతే. జిలేబీ అని కూడా అంటారు. ఆఫ్రికాకు చెందిన ఈ మొజాంబిక్ తిలాపియాను 1952లో మన దేశానికి తెచ్చారు. బొచ్చె, శీలావతి లక్షల్లో గుడ్లు పెట్టి వదిలేసిపోతాయి, వాటిలో దక్కేవి కొన్నే. కొర్రమీను పిల్లల చుట్టూ తిరుగుతూ కాపలా కాస్తుంది. తిలాపియా తల్లి మాత్రం కొద్ది గుడ్లనే నోట్లో దాచుకుంటుంది, పిల్లలు బయటికొచ్చాక కూడా ఆపద వస్తే మళ్లీ నోట్లోకి తీసుకుంటుంది. నెలలు తిరగకముందే మరో ఈత. అందుకే చెరువుల్లో దీని సంతతి విపరీతంగా పెరిగి, మన చేపల మేతకు, చోటుకు పోటీ వచ్చింది. 1959లోనే దీని పెంపకం విస్తరించవద్దని నిషేధం పెట్టారు. అప్పటికే ఆలస్యమైంది. ఆ తల్లి శ్రద్ధను మెచ్చుకోవచ్చు, మన చెరువులకు మాత్రం అది నష్టమే.

అందుకే ఒక మాట: ఇంట్లో రంగుచేపలు పెంచలేకపోతే దుకాణంలోనే తిరిగి ఇచ్చేయండి. జాలిపడి హుస్సేన్‌సాగర్‌లోనో, ఊరి చెరువులోనో వదలకండి.