ఏడ దిగి నిలవడాలె?

విమానమంటే భయమా మీకు? సిగ్గుపడకండి, మన పటాన్‌చెరు పక్క ఈ భయం ఉన్నవాళ్ళు చాలామందే ఉన్నారు. ఒకప్పుడు ఇక్కడ విమానం సంగతి దుబాయి పోయేవాళ్ళది. ఇప్పుడు మెషీన్ చూసి రమ్మనీ, ట్రైనింగుకు పొమ్మనీ కంపెనీవాళ్ళే టికెట్టు కొని చేతిలో పెడుతున్నారు. అహ్మదాబాద్‌లో దిగి అంక్లేశ్వర్‌కో, ముంబైలో దిగి వాపీకో పోవాలి. రాత్రి బస్సులో పోతానంటే మేనేజర్ ఒప్పుకోడు, పొద్దున్నే అక్కడ ఉండాలంటాడు.

నాకు తెలిసిన బాయిలర్ ఆపరేటర్ ఒకాయన ఉన్నాడు. ఏళ్ళ తరబడి మంట పక్కనే ఉద్యోగం. ఆవిరి బుస్సుమన్నా అదరడు. అలాంటి మనిషికి టికెట్టు చేతికొచ్చిన నాటి నుంచి నిద్ర లేదు. ఎందుకయ్యా అంటే, "బస్సు ఆగిపోతె దిగి రోడ్డు పక్కన నిలవడ్తం సార్. ఆడ ఏడ దిగి నిలవడాలె?" అన్నాడు.

నవ్వొచ్చే మాటే గానీ భయం అంతా అందులోనే ఉంది. చావు గురించిన దిగులు కొంత ఉంటుంది, కాదనను. కానీ అసలు బాధ వేరు. తలుపు మూశాక మన చేతిలో ఏమీ లేదు. నడిపేవాడి ముఖం కనపడదు. ఆపమంటే ఆపరు. కొందరిది ఎత్తు భయం, కొందరికి ఇరుకులో ఊపిరాడదు. ఇంకొందరికి విమానంతో పేచీయే లేదు, నలుగురిలో తమ గుండె దడదడలాడితే పరువు పోతుందని భయం. అన్నిటినీ ఒకే గాటన కట్టి విమానం మీదికి తోసేస్తాం.

పైగా మన తెలుగువాళ్ళ భయానికి పేర్లూ తేదీలూ ఉన్నాయి. 2002 మార్చిలో కైకలూరు దగ్గర లోక్‌సభ స్పీకర్ బాలయోగి. 2004 ఏప్రిల్‌లో బెంగళూరులో సినీనటి సౌందర్య. ఎన్నికల ప్రచారానికి కరీంనగర్ బయలుదేరి, ఎగిరిన కాసేపటికే పోయింది పాపం. 2009 సెప్టెంబర్ 2న నల్లమలలో ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి. ఆ రోజు టీవీల ముందు కూర్చున్నవాళ్ళెవరూ ఆ ఎదురుచూపు మరిచిపోలేదు. అయితే ఒకటి గమనించండి. ఈ మూడింటిలో రెండు హెలికాప్టర్లు, ఒకటి బుల్లి సెస్నా. మనం టికెట్టు కొని ఎక్కే పెద్ద జెట్టు ఒక్కటీ లేదు. గుండెకు ఆ తేడా తెలియదు, గాల్లో ఎగిరేదంతా దానికి ఒకటే.

"మరి అహ్మదాబాద్?" అంటారు. అవును, 2025 జూన్ 12న అక్కడ కూలినది చిన్న విమానం కాదు. ఎక్కిన 242 మందిలో ఒక్కడు మిగిలాడు. ఆ నెల ఎవరు టికెట్టు రద్దు చేసుకున్నా నేను తప్పుపట్టను. కానీ అదే నెల 30న మన పాశమైలారంలో సిగాచి ఫ్యాక్టరీ పేలింది. నలభై మందికి పైగా పోయారు. ఆ తర్వాత కూడా చుట్టుపక్కల కంపెనీలకు జనం డ్యూటీకి పోతూనే ఉన్నారు. దాన్ని ధైర్యం అనలేం. కిరాయి కట్టాలి, పిల్లల ఫీజు కట్టాలి. పైగా రోజూ చూసే గేటు, రోజూ ఎక్కే బస్సు. ప్రమాదం ఎంతుందో కొలిచి భయపడడం మనసుకు చేతకాదు. అలవాటు లేని చోట గట్టిగా అరుస్తుంది, అలవాటైన చోట నోరు మూసుకుంటుంది.

లెక్కలు కావాలా? 2022లో మన దేశంలో రోడ్ల మీద పోయినవాళ్ళు 1,68,491 మంది. 2023లో ప్రపంచం మొత్తం మీద ప్రయాణికుల జెట్ విమానాల్లో ప్రాణం తీసిన ప్రమాదం ఒక్కటీ లేదు. ఆ జనవరిలో నేపాల్‌లో పోఖరా దగ్గర కూలినది పంకాల విమానం. 2001 సెప్టెంబర్ దాడుల తర్వాత అమెరికా వాళ్ళు విమానాలు మానేసి కార్లెక్కితే, ఏడాదిలో సుమారు 1,500 మంది అదనంగా రోడ్ల మీద పోయారని గెర్డ్ గిగరెంజర్ అనే జర్మన్ మనస్తత్వవేత్త లెక్కగట్టాడు. ఇదంతా మా ఆపరేటర్‌కు చెప్పాను. బుద్ధిగా విన్నాడు. "నిజమే సార్, కని భయమైతంది" అన్నాడు. లెక్కలతో భయం పోయినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

ఆయన దారిలోనే పోవాలనిపించింది. ప్లాంట్‌లో సేఫ్టీ వాల్వ్ లేచిందంటే కొత్తగా చేరిన పిల్లగాడు పరుగు తీస్తాడు, ఈయన తల కూడా తిప్పడు. ఏ చప్పుడు దేనిదో తెలుసు గనక. అయితే విమానం చప్పుళ్ళు కూడా చెప్పేస్తే సరి కదా?

ముందు నేల మీద ఉండగానే మొదలవుతుంది. ఎయిర్‌బస్ ఏ320 రకంలో కాళ్ళ కింద నుంచి కుక్క మొరిగినట్టు, కాసేపు రంపం కోసినట్టు వినిపిస్తుంది. రెండు హైడ్రాలిక్ లైన్లలో ఒకదానిలో ప్రెషర్ తగ్గితే రెండోది దానికి అందించే పరికరం అది. ఇది చెప్పగానే ఆయన ముఖం వెలిగింది, ప్రెషర్ అనేది ఆయన సొంత భాష. గాల్లోకి లేచాక ధన్‌మంటుంది: చక్రాలు లోపలికి పోయి తలుపులు మూసుకున్నాయి. ఆ తర్వాతిదే అసలు గండం. ఇంజన్ హోరు ఉన్నట్టుండి తగ్గుతుంది, కిందికి జారిపోతున్నట్టు కడుపులో తెలుస్తుంది. నిజానికి విమానం పైకే పోతూ ఉంటుంది. నేల విడవడానికి కావలసినంత బలం ఇక అవసరం లేదని పైలట్ తగ్గిస్తాడు. వేగం పెరగడం నెమ్మదించేసరికి చెవి లోపలి భాగం దాన్ని పడిపోవడం అనుకుంటుంది. ఇది ముందే తెలిసినవాడు ఆ నిమిషాన్ని దాటేస్తాడు. తెలియనివాడు పక్కవాడి చెయ్యి పట్టుకుంటాడు.

కుదుపులంటారా, వాటితో విసుగే గానీ విమానం విరగదు. 1995లో బోయింగ్ 777 రెక్కను పరీక్షలో పైకి వంచుతూ పోతే, వాడుకలో రాగల అత్యధిక బరువుకు ఒకటిన్నర రెట్లు దాటాక, 154 శాతం దగ్గర గానీ విరగలేదు. దెబ్బలు ఎక్కువగా తగిలేది బెల్టు పెట్టుకోనివాళ్ళకు. ఇక ఇంజన్లు ఆగితే? 1983లో కెనడాలో ఒక బోయింగ్ 767కు నడిగాల్లో ఇంధనం అయిపోయింది. జారుతూ వచ్చి పాత వైమానిక స్థావరంలో దిగింది, అందరూ బతికారు. 35 వేల అడుగుల ఎత్తున పటాన్‌చెరు మీద రెండు ఇంజన్లూ ఆగినా జహీరాబాద్ దాటేదాకా జారుతూ పోవచ్చు. అంతదూరం ఎందుకు, శంషాబాద్ ఇంకా దగ్గర.

ఇదంతా విని ఆయనో మాట అన్నాడు. అహ్మదాబాద్ ప్రమాదం మీద నెల తిరిగేసరికి ప్రాథమిక నివేదిక బయటపెట్టారని నేను చెబితే, "మా కాడ గట్ల రిపోర్టు మాకు సూపెట్టరు గద సార్?" అని. నా దగ్గర జవాబు లేదు. విమానాలు క్షేమంగా ఎగురుతున్నాయంటే ఆ రంగం భయపడడం మానలేదు గనక. జరిగిన ప్రతి తప్పునూ తవ్వి, రాసి, లోకమంతటికీ పంచుతుంది. ఆ భయంలో కొంతైనా మన ఫ్యాక్టరీ యజమానులకు ఉంటే బాగుండునని నా ఉద్దేశం.

మీకు చెప్పవలసింది ఇంకొంచెం ఉంది. వాయిదా వేయకండి. విమానం మానేసి రైలెక్కిన ప్రతిసారీ హమ్మయ్య అనిపిస్తుంది చూశారా, ఆ హమ్మయ్యే భయానికి మేత. ఐజాక్ అసిమోవ్ గ్రహాలన్నిటికీ మనుషుల్ని పంపుతూ కథలు రాశాడు, తాను మాత్రం జన్మలో రెండుసార్లే విమానమెక్కాడు. దడ మొదలైతే దానితో కుస్తీ పట్టొద్దు, ఊపిరి తీసుకున్న దానికన్నా వదలడం నెమ్మదిగా చేస్తే కొన్ని నిమిషాల్లో దానంతటదే దిగుతుంది. ఎక్కగానే ఎయిర్ హోస్టెస్‌కు భయమని చెప్పేయండి, వాళ్ళకిది కొత్త కాదు. మందు కొట్టి ఎక్కడం దండగ. మరీ ఊపిరాడనంత ఉంటే సైకాలజిస్టు దగ్గరికి పోవాలి, మెట్టు మెట్టుగా అలవాటు చేస్తారు.

మా ఆపరేటర్ ఆఫీసు పనికి ముందే ఇంటి పనికి ఎక్కుతానన్నాడు. తిరుపతి, గంట ప్రయాణం. పొద్దుటి విమానం తీసుకోమన్నాను, ఎండ ముదిరాక దక్కన్ నేల మీద గాలి ఎక్కువ కుదుపుతుంది. రెక్క దగ్గరి సీటు అడగమన్నాను, అక్కడ ఊపు తక్కువ. అన్నిటికీ సరేనని, పోయేటప్పుడు విమానం, వచ్చేటప్పుడు నారాయణాద్రి రైలు అని తేల్చాడు. లింగంపల్లిలో దిగితే ఇల్లు దగ్గర అట. వాళ్ళావిడ ఆ దగ్గరతనమేమిటో కనిపెట్టేసింది. రెండు వైపులా విమానమే తీయించింది, కిటికీ సీటు మాత్రం తనకే.