లోహం దాచుకున్న బిగువు

ఇత్తడి చెంబు చూపులకు ఒకే ముద్దగా కనిపిస్తుంది. సూక్ష్మదర్శినితో పరిశీలిస్తే అది లెక్కకు మించిన స్ఫటిక రేణువుల సముదాయమని తెలుస్తుంది. ప్రతి రేణువులోనూ పరమాణువులు వరుసలు తీరి ఉంటాయి. ఒక రేణువులోని వరుసలు ఒక దిక్కుకు, పక్క రేణువులోనివి మరొక దిక్కుకు తిరిగి ఉంటాయి. అవి కలిసే చోటే రేణు సరిహద్దు.

లోహాన్ని సుత్తితో కొట్టినా, అచ్చులో పెట్టి సాగదీసినా ఈ వరుసలు ఒకదానిపై ఒకటి జారుతాయి. సరిహద్దు చేరగానే ఆ జారుడుకు అడ్డు తగులుతుంది. పొరుగు రేణువు దిక్కు వేరు కనుక తేలికగా దారి ఇవ్వదు. రేణువులు చిన్నవైన కొద్దీ ఇటువంటి అడ్డుకట్టలు పెరిగి లోహం గట్టిపడుతుందని 1951లో హాల్, 1953లో పెచ్ తమ పరిశోధనలలో తెలియజేశారు. అయితే ఈ దృఢత్వానికి ఒక మూల్యం ఉంది. అడ్డు తగిలిన చోట బిగువు పేరుకుంటుంది. ఒక రేణువు ఎక్కువగా, మరొకటి తక్కువగా సాగడం వలన, బయటి బలాన్ని తొలగించినా వాటి నడుమ పెనుగులాట మిగిలిపోతుంది. లోహపు పైపొర, లోపొర సమానంగా సాగకపోతే అది మరింత పెరుగుతుంది. దీనినే అంతర్గత ప్రతిబలం అంటారు. కంటికి కనబడదు కనుక దానిని ఎవరూ శంకించరు.

పందొమ్మిదవ శతాబ్దంలో భారతదేశంలోని బ్రిటిష్ సైన్యానికి ఇది అంతుపట్టని సమస్య అయింది. తుపాకి తూటాల ఇత్తడి తొడుగులు ఏ దెబ్బా తగలకుండానే వానకాలంలో పగిలిపోయేవి. 1921లో మూర్, బెకిన్సేల్, మల్లిన్సన్ అనే పరిశోధకులు దీని కారణాన్ని వివరించారు. తొడుగులను సాగదీసినప్పుడు ఇత్తడిలో బిగువు నిలిచిపోయింది. గుర్రపుసాలలనుండి వెలువడే అమ్మోనియా గాలిలోని తేమతో కలిసి ఆ లోహాన్ని సోకింది. పగులు రేణు సరిహద్దుల వెంటనే దారి చేసుకుంది. బలాన్నిచ్చిన చోటే బలహీనతకు తావైంది.

దీనికి విరుగుడు సులభమైనదే. తయారైన తొడుగులను సుమారు 250 నుండి 300 డిగ్రీల సెల్సియస్ వద్ద కొంతసేపు వేడిచేస్తే, గట్టిదనం దాదాపు అలాగే ఉండి లోపలి బిగువు చాలావరకు సడలుతుంది. ఇత్తడి రేకును సాగగొట్టే కంచరి కూడా దెబ్బలకు దెబ్బలు జోడిస్తూ పోడు. రేకు మొండికేయగానే దానిని కొలిమిలో పెట్టి ఎర్రగా కాలుస్తాడు. ఆ వేడికి కొత్త రేణువులు ఏర్పడి లోహం మళ్లీ మెత్తబడుతుంది. సుత్తి ఎత్తడంతోపాటు దానిని ఎప్పుడు దించాలో తెలియడం కూడా అతని పనితనమే.