నాన్న బెల్టులు, నా పైపులు

ఆమధ్య ఒక నెలాఖర్న మా క్లయింటు కస్టమర్లకి ఒకే మెసేజి రెండేసిసార్లు వెళ్ళింది. ఆ రాత్రి షిఫ్టులో ఉన్నది కొత్తగా చేరిన కుర్రాడు. "చేత్తో రెండోసారి నడిపేసి ఉంటాడు" అన్నాను, మీటింగులో, అందరి ముందూ. తను కాదన్నాడు. ఎవరూ వినలేదు.

మూడు వారాలకి మళ్ళీ అదే. ఈసారి ఆ అబ్బాయి సెలవులో ఉన్నాడు!

అప్పుడు తెరిచా నా స్క్రిప్టు. క్రాన్ దాన్ని పది నిమిషాలకోసారి లేపుతుంది. పీఎస్ ఇచ్చే జాబితాని గ్రెప్‌లోకి పంపి, మా ప్రోగ్రాము పేరున్న లైన్లు లెక్కపెడుతుంది. రెండొస్తే నడుస్తున్నట్టు: ఒకటి ప్రోగ్రాముది, రెండోది గ్రెప్‌ది (దాని కమాండులోనూ ఆ పేరుంటుందిగా). ఒకటే వస్తే ప్రోగ్రాము లేనట్టు, మొదలుపెట్టు. నా మెషీన్లో ఎన్నిసార్లు చూసినా తప్పలేదు.

కానీ పైపులో ఎడమది అయ్యాక కుడిది మొదలవదు. షెల్ రెండింటినీ కలిపే లేపుతుంది. పీఎస్ జాబితా తీసే క్షణానికి గ్రెప్ ఇంకా లేవకపోతే లెక్క ఒకటి తగ్గుతుంది. అంతే, నడుస్తున్న ప్రోగ్రాము పక్కన ఇంకోటి!

నాన్నకి చెప్పా. ఉక్కు కర్మాగారంలో కన్వేయర్ బెల్టుల దగ్గర రిటైరయ్యారు. "బైలదిల్లా ఖనిజం మా బెల్టులెక్కాలంటే, ముందు చివరి బెల్టు తిరగాలి, తర్వాతే దాని వెనకది. లేకపోతే అంతా కిందే కదరా" అన్నారు.

"పైపులో ఒలకదు నాన్నా. లినక్సులో మామూలుగా 64 కిలోబైట్లు పడుతుంది, నిండితే రాసేది ఆగుతుంది."

"మరి ఎవరు ముందు లేచారో?"

అది మాత్రం ఎవరూ చూడరు.

పీగ్రెప్ తనని తాను లెక్కేసుకోదు. కానీ చూడ్డానికీ మొదలెట్టడానికీ మధ్య ఇంకో సందుంది. అందుకని ఎఫ్‌లాక్ పెట్టా: తాళం దొరికినదే నడుస్తుంది, రెండోది వెనక్కెళ్ళిపోతుంది.

మార్చింది రెండు లైన్లు. తర్వాత అదే మీటింగులో, అందరి ముందే, తప్పు నాదని చెప్పా. "పర్లేదన్నా" అన్నాడా అబ్బాయి. ఆ రాత్రి గురించి రిపోర్టులో తన పేరు మీదున్న లైను తీయించేదాకా నాకు మాత్రం పర్లేదనిపించలేదు.

మీ క్రాన్లలోనూ ఇలాంటి గ్రెప్ ఒకటి ఉండే ఉంటుంది. ఎవర్నైనా అనే ముందు ఓసారి చూసుకోండి.