మధురవాణి అని ఎవరు పెట్టుకుంటారు?

వాణులు వీధికొకరు. మధురవాణి మాత్రం కనపడదు. ఇదంతా గురజాడ చలవేనని నా అనుమానం. ‘కన్యాశుల్కం’లో వేశ్య మధురవాణి మగవేషం కట్టి, సౌజన్యారావు పంతులు ఇంటికే వెళ్లి, లుబ్ధావధాన్లను కేసులోంచి గట్టెక్కిస్తుంది. నాటకం మొత్తానికి బుర్రంతా ఆవిడదే. అయినా మనవరాలికి ఆ పేరు పెడతానంటే ఏ బామ్మ ఒప్పుకుంటుంది? తంజావూరు రఘునాథ నాయకుడి కొలువులో సంస్కృత రామాయణం రాసిన కవయిత్రి పేరూ ఇదేనన్నా వినదు.

1955 ‘కన్యాశుల్కం’ సినిమాలో సావిత్రే మధురవాణి. 2018లో ‘మహానటి’ తీసిన నాగ్ అశ్విన్, సావిత్రి కథ వెతుక్కుంటూ వెళ్లే విలేఖరికి ఇదే పేరు పెట్టి, సమంత చేత వేయించి, పైగా నత్తి కూడా తగిలించాడు. ఆ కొంటెతనం గురజాడకూ నచ్చేదేమో!