గోడలు తిన్న బెల్లం

నగరంలో పాత హవేలీ ఏదైనా హోటలుగా మారగానే గోడల నిండా నవాబుల ఫొటోలు, మెనూ కార్డు వెనుక నాలుగు వాక్యాల చరిత్ర వెలుస్తాయి గాని, ఆ గోడను దేనితో కట్టారన్న ముక్క అందులో ఉండదు. హైదరాబాదులోని ఫలక్‌నుమా ప్యాలెస్‌కు 1884లో పైగా వంశపు నవాబు వికారుల్ ఉమ్రా పునాది వేయించడం, అది ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ వశం కావడం, 2010లో తాజ్ హోటలుగా తలుపులు తెరవడం, 101 మంది ఒకే బల్ల వద్ద భోంచేసే వీలుండడం అందరికీ కంఠతా వచ్చిన సంగతులే. సున్నం ఊసు మాత్రం ఎవరికీ పట్టదు.

కామారెడ్డికి చేరువలో, 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారం పొందిన దోమకొండ గడీ, అంటే సంస్థానాధీశుల కోటనివాసం, భోజనశాల లేకుండానే ఆ ఊసు గుర్తుచేస్తుంది. పాతకాలపు కట్టడాలకు ప్రాణం డంగు సున్నం: కాల్చిన సున్నపురాయిని గుంటలో నీళ్లతో చల్లార్చి, ఇసుక కలిపి, ఎద్దులు తిప్పే రాతి చక్రం కింద గుండ్రని కాలువలో నూరి, కరక్కాయ నానిన నీళ్లు, బెల్లపు నీళ్లు పోసి పదును తెచ్చిన గచ్చు. బెల్లం వల్ల అది త్వరగా బిగుసుకోక మేస్త్రీ చేతికి లొంగుతుంది, ఆపైన గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి ఏళ్ల తరబడి గట్టిపడుతూ, లోపలి తేమను బయటికి వదులుతుంది. అలాంటి గోడకు సిమెంటు మెత్తి, పైన ప్లాస్టిక్ రంగు పూసి, ఏడాది తిరక్కుండానే పెచ్చులూడితే పాతదనాన్ని నిందించడం మన హోటళ్ల అలవాటు. ఇది అజ్ఞానం కూడా కాదు, పొదుపు పేరిట జరిగే అపచారం.

బెల్లం మాటకొస్తే, కామారెడ్డి మార్కెట్‌కు ఒకప్పుడు ఆ సరుకే పేరు తెచ్చింది. ఎల్లారెడ్డి వైపు మంజీరపై 1931లో నిజాంసాగర్ పూర్తయ్యాక దాని ఆయకట్టులో చెరకు విస్తరించి, బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీయే వెలసినా, గానుగ దగ్గర బెల్లం వండే విద్య వేరు. పెద్ద పెనంలో మరిగే రసంలోని పులుపు విరిగేందుకు అక్కడా చిటికెడు సున్నమే వేస్తారు, బెండ కాడల జిగురు పోసి తేలిన మడ్డిని గరిటెతో తీసేస్తారు. సున్నం కాస్త ఎక్కువైతే బెల్లం నల్లబడి ధర పడిపోతుంది.